మూడో స్లైడు

కోవిడ్ రావడానికి రెండేళ్ళ ముందు, మండు వేసవిలో, విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు నన్ను తమ హిస్టోపాథాలజీ విభాగానికి అధిపతిగా తీసుకున్నారు. హోదా వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, విభాగమంటే నాతో కలిపి నలుగురం, సెల్లారులో రెండు గదులు, ఎప్పుడూ చెమ్మగా ఉండే ఒక గోడ. శరీరం నుంచి తీసిన ముక్కను సన్నగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు చెప్పడం మా పని. రోగి మా ముఖం చూడడు, మేము రోగి ముఖం చూడం. మాకు వచ్చేది ఒక నంబరు. ఆ నంబరు కింద నేను పెట్టే సంతకాన్ని బట్టి పైఅంతస్తుల్లో మందులు మొదలవుతాయి, లేదా ఆగిపోతాయి.

అనుమానించడం ఈ వృత్తిలో మొదటి అర్హత. ముక్క ఆ రోగిదేనా, రంగు సరిగ్గా పట్టిందా, కనబడుతున్నది జబ్బా లేక మన చేతి మురికా అని రోజంతా అడుగుతూనే ఉండాలి. ముప్పై ఏళ్ళు అలా అడిగి అడిగి ఆ గుణం నాకు ఒంటబట్టింది. ఇంట్లో మావారు దానికి వేరే పేరు పెట్టారు. అది ఇక్కడ రాయను.

మా సీనియర్ టెక్నీషియన్ పైడిరాజు. సబ్బవరం దగ్గర రైతు కుటుంబం, చేతిలో మంచి పనితనం. ముక్కను ఉల్లిపొర కన్నా పల్చగా కోసేవాడు. మాట తక్కువ. నేను చేరిన కొత్తలో అతన్ని చూసి, ఈ సెల్లారుకు ఇతనే దిక్కు అనుకున్నాను. మూడు నెలలు తిరక్కుండా అతన్నే దొంగ అనుకున్నాను. ఈ జ్ఞాపకం దాని గురించే.

అమిలాయిడోసిస్ అనే జబ్బుంది. మన ఒంట్లో తయారయ్యే ప్రొటీన్లు ఒక పద్ధతిలో మడత పడాలి. కొన్ని తప్పుగా మడత పడి, ఒకదానికొకటి అతుక్కుని, కరగని పోగులుగా మారి గుండెలోనో కిడ్నీలోనో మెదడులోనో పేరుకుంటాయి. ఆ పేరుకున్నదే అమిలాయిడ్. అయితే ఆ పోగులు ఒంటరిగా ఉండవు. ఎక్కడ అమిలాయిడ్ చూసినా దాన్ని పట్టుకుని పొడవాటి చక్కెర గొలుసులు ఉంటాయి. మనం టీలో వేసుకునే చక్కెర కాదు. వందల చక్కెర ముక్కలు వరసగా కలిసి, వాటికి అక్కడక్కడా సల్ఫేట్ తగులుకుని ఉండే గొలుసులు. బీరతీగకు పందిరి ఎలాగో తప్పు మడత ప్రొటీనుకు ఆ గొలుసులు అలాగ. పరీక్షనాళికలో ప్రొటీనుకు వాటిని కలిపితే పోగులు త్వరగా కడతాయి. పందిరి పీకేస్తే తీగ ఆగుతుందా అని ప్రపంచమంతా ప్రయత్నిస్తున్నారు, ఆ దారిలో ఇంకా చేతికందిన మందు లేదు.

జబ్బును పట్టడానికి సులువైన దారి పొట్ట కొవ్వు. బొడ్డు పక్కన సూదితో కాస్త కొవ్వు లాగి, గాజు స్లైడు మీద పులిమి, కాంగో రెడ్ అనే రంగు వేస్తారు. మైక్రోస్కోపుకు పోలరైజర్ అనే అద్దం తగిలించి చూస్తే అమిలాయిడ్ ఉన్నచోట పచ్చి యాపిల్ రంగు మెరుస్తుంది. ఈ కాంగో రెడ్ మొదట నూలు బట్టలకు వేసే అద్దకపు రంగు. ఆ సంగతి నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. తెలిసి ఏం లాభం!

అరుదైన జబ్బు. ఏడాదికి ఒకటి కనిపిస్తే ఎక్కువ. అలాంటిది ఆ వేసవిలో జూన్ దాటేలోపు రెండు కొవ్వు స్లైడ్లు పచ్చగా మెరిశాయి. ఇద్దరూ పరవాడ దారిలోని ఒకే కర్మాగారం మనుషులు, ఇద్దరూ క్రేన్ సెక్షనే అని నాకు తర్వాత తెలిసింది. నేను సంతకం పెట్టాను. జూలైలో మూడోది వచ్చింది. అదే కర్మాగారం, అదే సెక్షన్. పేరు ఎర్రినాయుడు, క్రేన్ ఆపరేటరు, గుండె గోడలు మందమయ్యాయని పైనుంచి పంపారు. అదీ మెరిసింది. సంతకం పెట్టి రెండు రోజులు కాకముందే ఆ కర్మాగారం మెడికల్ ఆఫీసరు ఫోన్ చేశాడు.

ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. మర్యాద ఎక్కువయ్యేసరికి నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ యూనియన్ ఒప్పందం ప్రకారం పనికి అన్‌ఫిట్ అయిన ఉద్యోగి స్థానంలో ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారట. మూడు నెలల్లో ఒకే సెక్షన్‌లో ముగ్గురికి ఇంత అరుదైన జబ్బు రావడం మెడికల్ బోర్డుకు వింతగా ఉందట, సంగతి తేలేదాకా ముగ్గురి మందులకూ అనుమతి ఆపిందట. అన్నీ చెప్పి చివర్లో, ఎర్రినాయుడు మీ పైడిరాజుకు సొంత బావ అవుతాడు, మీకు తెలిసే ఉంటుంది అన్నాడు.

నాకు తెలియదు. ఫోన్ పెట్టేసి అద్దం తలుపులోంచి పైడిరాజును చూశాను. వంచిన తల ఎత్తకుండా ముక్కలు కోసుకుంటున్నాడు. నిన్నటిదాకా పనితనంగా కనబడిన ఆ చేతులు ఆ క్షణాన చేతివాటంగా కనబడ్డాయి. ఎప్పుడో దొరికిన అసలు జబ్బు ముక్క ఒకటి దాచుకుని, కావలసినవాళ్ళ నంబరు వేసి ముందు పెడితే నాకెలా తెలుస్తుంది? నా కళ్ళకు గంతలు కట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

పిలిచి అడిగాను. దాచలేదు. మా పెద్దప్ప మొగుడే మేడమ్ అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని అడిగితే, నంబరే కదా వస్తాది, పేరు సూసి మనమేటి సేత్తాం అన్నాడు. సరైన జవాబే. అనుమానం పట్టినవాళ్ళకు సరైన జవాబు ఇంకా అనుమానంగా ఉంటుంది.

మర్నాడు స్లైడ్ల బీరువా తాళంచెవి అతని దగ్గర నుంచి తీసుకున్నాను. కారణం చెప్పలేదు. పాత ముక్కలన్నీ లెక్కపెట్టించాను, ఒక్కటీ తగ్గలేదు. తగ్గకపోతే తెలివిగా చేశాడనుకున్నాను. అతను టిఫిన్ బాక్సు పట్టుకుని మాతో కూర్చోకుండా మెట్ల కింద తినడం మొదలుపెట్టాడు. అదీ నేరం చేసినవాడి లక్షణమే అని రాసిపెట్టుకున్నాను. ఛీ, ఎంత దిగజారానో ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది.

రెండు నెలలు ఇలాగే గడిచాక వల పన్నాను. హెర్నియా ఆపరేషన్‌లో తీసిన కొవ్వు, ఏ జబ్బూ లేని పాతికేళ్ళ మనిషిది, సర్జన్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. దానికి లేని రోగి నంబరు వేసి, కొవ్వు పరీక్ష అని రాసి పైడిరాజు బల్ల మీద పెట్టాను. ఇందులో అతనికి కావలసినవాళ్ళెవరూ లేరు. కనుక మార్చడు, కనుక పచ్చగా రాదు. రాకపోతే మిగతా మూడూ అతను మార్చినవే. నా లెక్క అది.

వచ్చింది. పచ్చగా, పోగులు పోగులుగా, కొవ్వు కణాల మధ్య మెరిసింది.

ఈ మనిషికి అమిలాయిడ్ లేదు. పైడిరాజుకు మోసం చేయడానికి కారణం లేదు. మరి ఈ పచ్చదనం ఎక్కడిది? ఆదివారం ఉదయం ఎవరూ లేనప్పుడు వచ్చి, మిగిలిన కొవ్వుతో నా చేత్తో నేనే స్లైడు చేశాను. రంగు కొత్త సీసా విప్పాను. నీళ్ళు కొత్తవి పట్టాను. అయినా మెరిసింది. ఇన్నాళ్ళూ పైడిరాజు మీదున్న అనుమానం ఇప్పుడు నా చేతుల మీదకొచ్చింది.

రెండోసారి చేస్తూ, చేసే ప్రతి పనీ పైకి చెప్పుకుంటూ చేశాను. స్లైడు డబ్బాలోంచి తీశాను. స్పిరిట్ వేశాను. గుడ్డతో తుడిచాను. అక్కడ నా చెయ్యి ఆగింది. కొత్త స్లైడు మీద నూనె జిడ్డు, గాజు పొడి ఉంటాయి గనక తుడవడం మా అందరికీ అలవాటు. మెత్తగా ఉంటుందని ఎప్పటినుంచో పాత పంచె ముక్కలే వాడుతున్నాం. ఇప్పుడు నా చేతిలో ఉన్నది పంచె ముక్కే గానీ మెత్తగా లేదు. అప్పడంలా పెళపెళలాడుతోంది.

పక్క గదిలో సూక్ష్మజీవుల పరీక్షకు వాడే అయోడిన్ సీసా ఉంది. గుడ్డ మీద ఒక చుక్క వేశాను. నల్లటి నీలం అయింది. పిండిపదార్థం ఉంటే అయోడిన్ అలాగే మారుతుంది. స్కూలు పిల్లలు బంగాళాదుంప మీద చేసే పరీక్ష. గుడ్డకు గంజి పెట్టారు!

ఆరు నెలల క్రితం దాకా ఆ గుడ్డల్ని మా ఆయా సబ్బుతో ఉతికి ఆరేసేది. ఆమె పని మానేశాక, ఆసుపత్రి లాండ్రీకి వేస్తే చిన్న ముక్కలు పోతున్నాయని పైడిరాజు తన తెల్లకోటుతో పాటు ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఉతికేది వాళ్ళమ్మ సింహాచలమ్మ. సోమవారం నేను వాళ్ళింటికే వెళ్ళాను. పైడిరాజు భయపడుతూ వెనకాలే వచ్చాడు. ఆమె నన్ను కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, నేనడిగింది విని ఆశ్చర్యపోయింది. “గంజెట్టడం తప్పేటమ్మా? పెద్దాసుపత్రి గుడ్డలు కదా, నలిగి ఉంటే మావోడి పరువే పోద్ది. కోటు కన్నా బాగా దట్టంగా పెట్టినాను” అంది. పొద్దున్నే వార్చిన అన్నం గంజి. ఆమె చేసినదాంట్లో తప్పు నాకు ఒక్కటీ కనిపించలేదు.

జరిగింది ఇది. పాత పంచె నూలు అరిగి, పొడిపొడి పీచుగా రాలుతుంది. గంజి ఆ పీచును స్లైడుకు అంటిస్తుంది. నూలు పీచు కూడా చక్కెర గొలుసే, చెట్టు కట్టుకునే గొలుసు. నూలుకు కాంగో రెడ్ పుట్టుక నుంచీ బంధువు, పట్టుకుంటే వదలదు, పోలరైజర్ కింద మెరుస్తుంది. పొడవాటి దారమైతే ఎవరైనా పోలుస్తారు. గంజిలో చితికి, కొవ్వులో కలిసిన పొట్టి పీచు మాత్రం నన్ను మోసం చేసింది. ఆ వేసవిలో కొవ్వు పరీక్షకు వచ్చినవి ఆ మూడే, మొదటివాడికి ఉందన్నాక అదే సెక్షన్ వాళ్ళని పైనుంచి ఇదే పరీక్షకు పంపారు. ఇంకో సంగతి చెప్పాలి. వెనకటి డాక్టర్లు అయోడిన్‌తో రంగు మారడం చూసి ఇది పిండిలాంటి పదార్థం అనుకుని, ఆ అర్థంలోనే అమిలాయిడ్ అని పేరు పెట్టారు. వాళ్ళు జబ్బును పిండి అనుకున్నారు. నేను పిండిని జబ్బు అనుకున్నాను.

తిరిగొచ్చే దారిలో కారు ఆపించి పైడిరాజుకు క్షమాపణ చెప్పాను. తాళంచెవి తిరిగి ఇచ్చాను. అతను అది చేతిలో పెట్టుకుని, “మా బావ పేణంతో ఆటలాడతాననుకున్నారేటి మేడమ్” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది. ఆ సిగ్గులోనే రెండో తప్పు చేశాను. మొదటిదానికన్నా అది పెద్దది.

మీ బావకేమీ లేదు, హాయిగా ఉండమను అన్నాను. అన్నది చాలక, ఆసుపత్రికి వెళ్ళగానే కర్మాగారానికి లేఖ రాశాను. ల్యాబ్ లోపం వల్ల మూడు రిపోర్టులూ వెనక్కి తీసుకుంటున్నామని, ఆ ముగ్గురికీ అమిలాయిడోసిస్ లేదని రాసి సంతకం పెట్టాను. మూడు పేర్లకు ఒకే వాక్యం. మళ్ళీ పరీక్ష చేయించాలని కూడా రాశాను, కానీ అది ఆఖరి వరసలో, మర్యాద కోసం రాసినట్టుంది. గుడ్డ దొరికింది కదా, ఇంక అనుమానించడానికి ఏముందనుకున్నాను. జీవితంలో నేను అనుమానించని రోజు అదొక్కటే.

ఆ వారంలోనే ఎర్రినాయుడు మా సెల్లారుకు వచ్చాడు. అప్పటిదాకా నాకతను నంబరే. నలభై ఆరేళ్ళ మనిషి, గట్టి ఒళ్ళు, మెట్లు దిగినందుకే కాస్త ఆయాసపడుతున్నాడు. తలుపు దగ్గరే నిలబడి పెద్దగా నవ్వాడు. “నాది గంజి జబ్బంటగా మేడమ్! మా అత్తకి సెప్పినాను, ఇకమీదట నాకు గంజి పొయ్యొద్దని” అన్నాడు. పైడిరాజు కూడా నవ్వాడు, మూడు నెలల్లో మొదటిసారి. నేనూ నవ్వాను. అతని ఆయాసం నేను చూశాను, విన్నాను. మెట్లు ఎక్కువ అనుకున్నాను.

మళ్ళీ పరీక్షకు ముగ్గురి దగ్గరా ఈసారి సూదితో కాకుండా చిన్న గాటుతో కొవ్వు ముక్క తీయించాం. మైనంలో పోసి, పల్చగా కోసి, ఫ్యాక్టరీలోనే శుభ్రం చేసిన స్లైడ్ల మీద ఎక్కించాం. గుడ్డ ముట్టుకోలేదు. కాంగో రెడ్‌తో పాటు ఇంకో రంగు కూడా వేశాం, సల్ఫేటెడ్ ఆల్షియన్ బ్లూ. అమిలాయిడ్‌ను పట్టుకుని ఉండే సల్ఫేట్ చక్కెర గొలుసుల్ని అది ఆకుపచ్చ కలిసిన నీలంగా చూపిస్తుంది. నూలుకూ గంజికీ సల్ఫేట్ లేదు, వాటికి ఆ రంగు పట్టదు. బయటి చక్కెర ఏదో లోపలి చక్కెర ఏదో అది తేల్చేస్తుంది. ఈ ఉపాయం నాకు మొదటి రోజే తట్టి ఉండాల్సింది.

మొదటి ఇద్దరివీ శుభ్రంగా ఉన్నాయి. రెండు రంగుల్లోనూ ఏమీ లేదు. మూడోది పెట్టాను. చిన్న రక్తనాళం చుట్టూ కాంగో రెడ్ పచ్చగా మెరిసింది. పక్క స్లైడులో అదే రక్తనాళం చుట్టూ, అదే గీతలో, నీలం. పైడిరాజు నా వెనకాలే నిలబడ్డాడు. నేను పక్కకు జరిగితే, అతను వంగి చూశాడు. అతనికి నేర్పాల్సిందేమీ లేదు. రెండు స్లైడ్లనూ మార్చి మార్చి చూశాడు. తలెత్తి, “ఇది గుడ్డ కాదు మేడమ్” అన్నాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన రక్తపరీక్షలు కూడా అదే చెప్పాయి. ఎర్రినాయుడి పాత స్లైడులో నూలు పీచు ఉంది, దాని కింద జబ్బూ ఉంది. ఒకటి దొరికిందని రెండోదాని కోసం నేను వెతకలేదు.

అతనికి నేనే చెప్పాను. పాథాలజిస్టు రోగితో మాట్లాడే పద్ధతి లేదు. కానీ లేదని చెప్పిన నోటితోనే ఉందని చెప్పాలనిపించింది. విని, “అయితే ఈపాలి గుడ్డ తప్పేటి లేదా?” అని అడిగాడు. లేదన్నాను. “సూసేరా సరిగ్గా?” అన్నాడు. చూశానన్నాను. పక్కనున్న పైడిరాజు ముఖం కూడా చూశాడు. అతను తల ఊపాక లేచాడు.

అసలు దెబ్బ అప్పుడు పడింది. ఈ జబ్బుకు ఇచ్చేదీ కీమోథెరపీయే, ఆ ఖర్చు కర్మాగారం భరించాలి, దానికి మెడికల్ బోర్డు అనుమతి కావాలి. బోర్డు ముందు నా లేఖ ఉంది. జబ్బు లేదని సంతకం పెట్టిన డాక్టరే మూడు వారాల తర్వాత ఉందని సంతకం పెడుతోంది, అదీ తన టెక్నీషియన్ బావకే, మిగతా ఇద్దరికీ కాదు. వాళ్ళ స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదు. మూడు నెలలు నేను పైడిరాజును ఏ కళ్ళతో చూశానో, అదే కళ్ళతో వాళ్ళు నన్ను చూశారు. నేను స్వయంగా వెళ్ళి స్లైడ్లు బల్ల మీద పెట్టి రంగుల గురించి వివరించాను. ఆ మెడికల్ ఆఫీసరు అదే మర్యాదతో విని, బయటి ల్యాబ్ నుంచి నిర్ధారణ తెప్పించుకుంటామన్నాడు. ముక్కలు వేరే ఊరు వెళ్ళి, వాళ్ళు చూసి, జవాబు వచ్చి, బోర్డు కూర్చుని, కాగితం కదిలేసరికి దాదాపు రెండు నెలలు పట్టింది. జబ్బు గుండెలో ఉన్నవాడికి రెండు నెలలంటే తక్కువ కాదు. మందు మొదలయ్యేనాటికి ఎర్రినాయుడు మా మెట్లు దిగలేకపోయాడు, పైడిరాజే పైకి వెళ్ళి పలకరించి వచ్చేవాడు.

మందు కొంత పనిచేసింది. మూడున్నరేళ్ళు బతికాడు. క్రేన్ మళ్ళీ ఎక్కలేదు. ఆ రెండు నెలలు ముందే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదని చికిత్స చేసిన హెమటాలజిస్టును ఒకసారి అడిగాను. చెప్పలేమన్నాడు. నిజంగా చెప్పలేకనో, సాటి డాక్టరు మీద దయతోనో నాకు తెలియదు. రెండోసారి అడగలేదు.

పైడిరాజు నేను రిటైరయ్యేదాకా నాతోనే పనిచేశాడు. మా మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత స్లైడ్లు గుడ్డతో తుడవడం మాన్పించాను. ప్రతి బ్యాచిలో జబ్బు లేదని ముందే తెలిసిన ముక్క ఒకటి, ఉందని తెలిసిన ముక్క ఒకటి పెట్టించాను. ఇవి ఏ ల్యాబ్‌లోనైనా ఉండాల్సినవే, ఆలస్యంగా నేర్చుకున్నందుకు గొప్ప చెప్పుకోను. నేను నిజంగా నేర్చుకున్నది లేఖలు రాయడం. రిపోర్టు వెనక్కి తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఒక్కో రోగికి ఒక్కో లేఖ రాసేదాన్ని. అందులో జబ్బు లేదని ఎన్నడూ రాయలేదు. ఈ స్లైడు చెల్లదు, మాకింకా తెలియదు అని మాత్రమే రాసేదాన్ని.